ఏడు గంటల పొగ

పడవ రేవు తాకేసరికి వాన ఏటవాలుగా పడుతోంది.
చిలోయే దీవుల్లో వానని ఎవరూ పలకరించరు,
చుట్టమా ఏమన్నానా, ఇంటి మనిషే.

సంచిలో రక్తపోటు మిషను, కొలత టేపు,
ప్లాస్టిక్ కవర్లో ఫారాలు.
ఈ ఒడ్డున డెబ్భై దాటినవాళ్ళు పదకొండు మంది.
మొదటి గడప ఎర్మిండా నవెల్‌కిన్‌ది. ఎనభై రెండు.
తలుపు తీస్తూనే అంది:
"వచ్చావా యాస్నా, నేనింకా ఉన్నానో లేదో లెక్క చూసుకోడానికి?"

రక్తపోటు బాగుంది. చక్కెర అంచు మీద ఉంది.
ఒంటికాలి మీద అయిదు సెకన్లు నిలబడమన్నాను.
"కొంగజపం చేయించడానికా సముద్రం దాటి వచ్చావు!"
అంటూనే బల్ల అంచు వదిలేసింది.
తొమ్మిది లెక్కపెట్టాను.
బంగాళాదుంపల గంపలు మోసిన కాళ్ళు,
ఆటు తీసిన బురదలో ఆల్చిప్పలేరిన కాళ్ళు.

చెట్టు, బల్ల, విమానం.
గుర్తుంచుకో, మళ్ళీ అడుగుతాను.

కాగితం కుడిచేత్తో అందుకో.
సగానికి మడువు. ఒడిలో పెట్టుకో.
అందుకుంది. గోటితో మడత గీత దిద్దింది.
ఒడిలో పెట్టుకుని పైన అరచెయ్యి ఆనించింది.
"పోయినేటి కాగితంతో పొయ్యి రాజేశాను. బాగా అంటుకుంది."

ఇక్కడిదాకా ఫారం నా మాట వింది.

గత నెలలో దిగులుగా అనిపించిందా?
"నెలంతా లేదు. మంగళవారం నుంచి."
ఆ గడిలో మంగళవారం పట్టదు.
అవును, కాదు, అంతే.

కిటికీ వైపు గడ్డం ఎత్తింది.
నీళ్ళకి అవతల చెక్కపెంకుల ఇల్లు, ఒనోఫ్రే కార్కమోది.
ముప్పై ఏళ్ళుగా ఇద్దరికీ ఒకటే ఒప్పందం:
పొద్దున్న ఏడింటికి ఈమె పొగ అతను చూస్తాడు,
అతని పొగ ఈమె చూస్తుంది.
లేవకపోతే పడవ వెయ్యాలి.
ఒకసారి కట్టెలు తడిసి ఆలస్యమైతే
చొక్కా తిరగేసుకుని వచ్చేశాడట, తెడ్డు మీద తెడ్డు.
తిట్టింది. తిట్టేముందు టీ పోసింది.

ఇష్టమా? ఫారంలో లేని ప్రశ్న అడిగాను.
"అతనికి చెవుడు, నాకు కోపం. పొగ చాలు మాకు."

మంగళవారం పొగ లేదు.
ఎదురుపోటు మీద తనే తెడ్డేసింది.
కట్టెల కొట్టం ముందు పడున్నాడు, తుంటి విరిగి, తెలివిగానే.
"ఆలస్యం చేశావు" అన్నాడట.
ఇప్పుడు కాస్త్రో ఆసుపత్రిలో ఉన్నాడు.
"అతని పొగ నేను చూశాను, సరే.
నా పొగ ఎవరు చూస్తారు?"

పోయినేడు నా చేతిరాత:
తోడు: ఉంది. ప్రమాదం: తక్కువ.
ఏం చూసి రాశానో గుర్తులేదు.
ఆ మూడు మాటల పరీక్ష నాక్కూడా పెట్టాల్సింది.
కొట్టేశాను.
అంచున, గళ్ళు లేనిచోట, రాశాను: పొగ.
ఆ మాటకి మా ఆఫీసులో కోడ్ నంబరు లేదు.

పడవ నడిపే రుదెసిందో గుమ్మంలో బూట్లు విదిలిస్తూ విన్నట్టున్నాడు.
"చేపలకి మేత తీసుకుని ఏడింటికి ఇటే పోతాను"
అన్నాడు, వానతో అన్నట్టు.
ఎర్మిండా అతన్ని ఎగాదిగా చూసింది,
ఇప్పుడు ఫారం ఆమె చేతిలో ఉన్నట్టు.
"కళ్ళు కనిపిస్తాయా నీకు?"

మూడు మాటలు?
"చెట్టు. బల్ల." ఆగింది.
"మూడోది ఈ దీవిలో ఎప్పుడూ దిగలేదు. నాకెందుకు?"
ఒక మార్కు తగ్గించాలి. తగ్గించాను.

ఇప్పుడు రోజూ నా ఫోన్‌లో ఒక్క మాట:
ఉంది.
ఆదివారాలు కూడా. ఉంది.

నిన్న మాత్రం,
"పొగమంచు. ఏది పొగో ఏది మంచో తెలియడం లేదు."
పాలు పొంగిపోయాయి.
ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను,
ఎన్ని సెకన్లో లెక్కపెట్టేవాళ్ళు లేరు.

ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ:
"వాసన వస్తోంది. తడి కట్టెలు."